భయమునకు కొలత

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, నేడు విమానాశ్రయపు గోడలును మెట్రోరైలు స్తంభములును కనుపించు మన హైదరాబాదులోని ఈ బేగంపేటలో, రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, హుస్సేన్ ఖాన్ అను చలిజ్వరపీడితునకు దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున చెల్లించి, అతని రక్తము ద్రావిన దోమను కోసి, దాని జీర్ణకోశపు గోడయందు మలేరియా పరాన్నజీవి పెరుగుచుండుటను సూక్ష్మదర్శినిలో కనుగొనెను. ఆయన పేర వెలసిన భవనము నేటికిని ఇచ్చట నిలిచియున్నది. ఆయనకు 1902లో నోబెల్ బహుమతియు లభించినది. అంతకుమునుపు జనులకు చలిజ్వరమన్న భయము అపారముగా నుండెను. చిత్తడినేలలనుండి లేచు చెడుగాలియే దానికి మూలమని తలచి, పండితులును పామరులును గవాక్షములు మూసికొని పరుండెడివారు. నలుదెసల పరుగెత్తుచుండిన ఆ భయమునకు రాకపోకల త్రోవ యేదియో చూపుటయే రాస్ దొర చేసిన మేలు. త్రోవ తెలిసిన పిమ్మట నిలువనీటిని పారద్రోలుట, దోమతెర కట్టుకొనుట మొదలగునవి చేతికందు పనులయ్యెను; తెలియనంతకాలము ఎంత పెద్దపని చేసినను అది గాలితో పోరాటమే.

ఇప్పుడు మన యిండ్లలో అట్టిదే యొక భయము ప్రవేశించినది. ఉదయము ఫోను తెరచునప్పటికి ఎవరో బంధువు పంపిన సందేశము: నాన్‌స్టిక్ పెనము విషము, పిజ్జా డబ్బా విషము, వానకోటు విషము, త్రాగునీరు విషము, తల్లిపాలును విషమే. చదివినవారు పెనమును పారవేయుదురు, లేదా ఆ సందేశమును మఱి పదిమందికి పంపి తమ బాధ్యత తీరినదనుకొందురు. సాయంకాలమునకు రెండును మఱచిపోవుదురు. భయపడుటయు ఒక పనియే యనుకొను ఈ అలవాటు, నా యభిప్రాయమున, ఆ రసాయనములకంటెను త్వరగా మనుష్యుని క్రుంగదీయును. కావున ఆ పదార్థములెట్టివో, అవి దేహములోనికి ఏ త్రోవలవెంట వచ్చునో, ఆ త్రోవలలో ఏది వెడల్పో ఏది ఇఱుకో ముందు విచారించి, పిమ్మట చేయవలసినది చేయుదము.

పత్రికలలో ఫరెవర్ కెమికల్స్ అనియు, శాస్త్రజ్ఞుల వ్యవహారమున పీఫాస్ అనియు పేర్కొనబడుచున్న ఈ పదార్థములు వేలకొలదిగా నున్నవి. కర్బన పరమాణువుల గొలుసునకు ఫ్లోరిన్ పరమాణువులు తొడిగిన నిర్మాణము వీనికి సామాన్యలక్షణము. ఆ రెండింటికి నడుమనుండు బంధము కర్బన రసాయనశాస్త్రమునందు మిక్కిలి దృఢమైనవానిలో నొకటి యగుటచే, ఎండయు వానయు మట్టిలోని సూక్ష్మజీవులును దానిని త్రెంపజాలవు. మన కాలేయమును త్రెంపజాలదు. 1938లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్ అను యువశాస్త్రజ్ఞుడు, శీతలీకరణవాయువులను గూర్చి ప్రయోగములు చేయుచు, సిలిండరులో నుంచిన వాయువు తెల్లని పొడిగా మారియుండుట చూచెను. అదియే తరువాత టెఫ్లాన్ అను పేర లోకమును చుట్టినది. నీరును నూనెయు రెండును అంటని ఈ గుణమునకు మురిసిన మానవుడు పెనములకు, తివాసులకు, వానకోటులకు, తినుబండారములు చుట్టు కాగితములకు, పెట్రోలుమంటల నార్పు నురుగునకు ఈ కుటుంబములోని యేదో యొకదానిని వినియోగించుచు వచ్చినాడు.

ఫ్లోరిన్ అను మాట వినగానే తెలుగువాని మనస్సు నల్లగొండకు పోవును, పోవుట సహజము. 1937లోనే నాటి మద్రాసు రాజధానికి చెందిన నెల్లూరు జిల్లాలో ఎముకలను బిగియగట్టి వంచివేయు వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి; నల్లగొండజిల్లా మర్రిగూడ ప్రాంతమున వంగిన నడుములతో, చేతికఱ్ఱల సాయముతో తరములే గడచినవి. కాని ఆ ఫ్లోరైడ్ రాతిపొరలనుండి భూగర్భజలములోనికి దిగిన లవణము. దాని ముట్టడి దంతములపైనను అస్థులపైనను జరుగును. పీఫాస్ కర్మాగారమున పుట్టినది; దాని పెత్తనము రక్తముమీదను, కాలేయముమీదను సాగును. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970ల దశకమున రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టినది. ఆ పద్ధతికి పీఫాస్ లొంగదు. మన త్రాగునీటి ప్రమాణము ఫ్లోరైడునకు లీటరునకు 1 మిల్లీగ్రామును అంగీకార్యముగాను, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠముగాను నిర్ణయించినది. అమెరికా పర్యావరణసంస్థ 2024 ఏప్రిలులో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అను రెండు పీఫాస్ రసాయనములకు విధించిన హద్దు లీటరునకు 4 నానోగ్రాములు. ఒక మిల్లీగ్రామునకు 10 లక్షల నానోగ్రాములు గదా. లెక్క కట్టినచో ఈ హద్దు మన ఫ్లోరైడు గరిష్ఠపరిమితికంటె 3,75,000 రెట్లు చిన్నది. ఫ్లోరైడును పరీక్షించి “నీరు మంచిదే” యని కాగితమిచ్చినవాడు పీఫాసును గూర్చి ఒక్కమాటయు చెప్పలేదని పాఠకుడు గ్రహింపవలెను.

ఈ రసాయనము మనుష్యులకేమి చేయునో లోకమునకు తెలిసిన విధము, ఏ శాస్త్రసభలోనో కాదు, ఒక రైతుపొలమున మొదలైనది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున పార్కర్స్‌బర్గ్ చెంత విల్బర్ టెన్నంట్ అను రైతు, డ్యూపాంట్ కర్మాగారపు వ్యర్థములు కలిసిన వాగునీరు త్రాగి తన పశువులు నురుగులు కక్కి చచ్చుచుండగా, వానిని తానే కోసి, అవయవముల రంగులు వీడియోలో బంధించి, ఎవరును పట్టించుకొనకపోవుటచే 1998లో రాబర్ట్ బిలాట్ అను న్యాయవాదిని ఆశ్రయించెను. ఆ వ్యాజ్యమునుండియే, పీఎఫ్‌ఓఏ కీడును సంస్థ దశాబ్దములుగా ఎఱిగియుండిన సంగతి బయటపడెను. రాజీనిబంధనలలో భాగముగా సుమారు 69,000 మంది రక్తము పరీక్షింపబడగా, 2012 నాటికి స్వతంత్రశాస్త్రజ్ఞుల సంఘము ఆరు వ్యాధులతో సంబంధము సంభావ్యమని తేల్చినది: మూత్రపిండపు క్యాన్సరు, వృషణపు క్యాన్సరు, పెద్దప్రేగుల పుండు, థైరాయిడ్ వ్యాధి, గర్భిణులలో రక్తపోటు, అధిక కొలెస్టరాలు. పసిపిల్లలలో టీకాలకు కలుగవలసిన ప్రతిరక్షణ తగ్గుటను గమనించి, ఐరోపా ఆహారభద్రతాసంస్థ 2020లో నాలుగు పీఫాసులు కలిపి దేహభారము కిలో ఒక్కింటికి వారమునకు 4.4 నానోగ్రాములకు మించరాదనెను.

2023లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ పీఎఫ్‌ఓఏను క్యాన్సరు కారకముల మొదటి వర్గమున చేర్చినది. ఈ వార్త వెలువడినపుడు చాలమంది చదువరులు కూడ పొరబడిరి. ఆ వర్గీకరణము సాక్ష్యము ఎంత బలమైనదో చెప్పును గాని, ప్రమాదము ఎంత పెద్దదో చెప్పదు. సిగరెట్టు పొగయు, ఎండయు, మద్యమును ఆ వర్గముననే యున్నవి. ప్రమాదపరిమాణము ఎంత మోతాదు, ఎంతకాలము, ఏ వయస్సున అనువానిని బట్టి యుండును. కర్మాగారపు గోడప్రక్కన ముప్పదియేండ్లు బావినీరు త్రాగిన కుటుంబమును, నెలకొకమాఱు పాప్‌కార్న్ పొట్లము విప్పిన కుటుంబమును ఒకే త్రాసున తూచుట బుద్ధిమంతుల పద్ధతి కాదు. ఐతే ఒకటి నిజము: పీఎఫ్‌ఓఏ దేహమున సగము తగ్గుటకే రెండుమొదలు నాలుగేండ్లు పట్టును, పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ అను మఱొక పీఫాస్ అంతకంటెను మొండిది. నిన్నటిదానిపై నేటిది పేరుకొనును కనుక, రోజువారీ చిన్నమోతాదును అరికట్టుటయే అన్నిటికంటె లాభకరము. రోజును లోపలికి పోవునవి నీరును, ఆహారమును.

మన ప్రాంతపు నీటిని గూర్చి చూతము. పదునాఱవ శతాబ్దిలో త్రవ్వించిన హుస్సేన్‌సాగరము 1930 ప్రాంతమువఱకు నగరమునకు త్రాగునీరిచ్చినది. తరువాత కూకట్‌పల్లి నాలా వెంట బాలానగరు, జీడిమెట్ల పారిశ్రామికవాడల వ్యర్థములును, బంజారా, పికెట్, బల్కాపూర్ నాలాల వెంట ఇండ్ల మురుగును దానిలో చేరినవి. అదృష్టవశమున నేడు మన కుళాయిలలోనికి వచ్చునది ఆ నీరు కాదు. మంజీర, సింగూరు, కృష్ణ, గోదావరులనుండి గొట్టములవెంట వచ్చు నీరు. కాని ప్రకాశ్‌నగరులోనో, అమీర్‌పేట హాస్టళ్లలోనో, పంజగుట్ట అపార్టుమెంటులలోనో నివసించువారందఱు ఆ నీరే త్రాగుచున్నారనుకొనుట సాహసము. వేసవిలో బోరునీరు కలియును, టాంకరు వచ్చును, ఇరువది లీటర్ల బబుల్ క్యానులో ఎచ్చటిదో నీరు వచ్చును. క్యానుమీది కొండలును జలపాతమును అచ్చువేయువాని ఊహలోనివి. లోపలిది చాలసార్లు మన వీధి చివరి బోరునీరే. మీరు త్రాగు నీరు కుళాయిదో, బోరుదో, టాంకరుదో, క్యానుదో, ఏ నెలలో ఏదియో ముందు మీ అపార్టుమెంటు సంఘమువారి నడిగి తెలిసికొనుడు. ఈ యొక్క ప్రశ్న నడుగని గృహస్థుడు వేలరూపాయలు పోసి యంత్రము కొనుట చూచినపుడు నాకు నవ్వు వచ్చును.

విమానాశ్రయపు మాటయు తప్పక చెప్పవలెను. పెట్రోలుమంటల నార్పుటకు పీఫాస్ కలిపిన నురుగును ప్రపంచమునందలి పౌర, సైనిక విమానాశ్రయములలో దశాబ్దములుగా వాడిరి. అగ్నిమాపక శిక్షణ జరిగిన స్థలముల క్రింద అది నీటిలోనికి దిగినది. స్వీడను దేశమున రొన్నెబీ పట్టణపు జనులు వైమానికస్థావరపు నురుగువలన కలుషితమైన నీటిని త్రాగి, తమ రక్తమున చేరిన పీఫాసే తమకు దేహహాని యని వాదింపగా, 2023 డిసెంబరులో ఆ దేశపు సర్వోన్నతన్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పినది. మన బేగంపేటలో నిజాము కాలమునుండి విమానములు దిగుచుండెను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమగువఱకు నగరపు పౌరవిమానముల రాకపోకలు ఇచ్చటనే జరిగినవి. కావున ఈ చుట్టుప్రక్కల బోరునీటిని పరీక్షింపుడని అడుగుట పౌరునకు న్యాయము. పరీక్షింపకయే విషమని చాటుట అన్యాయము, అంతే కాదు, ఇండ్ల అద్దెలపై కన్నువేసినవారికి తప్ప ఎవరికిని ఉపయోగము లేనిది.

పరీక్ష యొక్క విలువ మనకు పటాన్‌చెరువు నేర్పినది. అచ్చటి సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో ప్రకటించిరి; మందు మ్రింగిన రోగి రక్తమునందైన అంత యుండదు. ఆ మందునందును ఒక ఫ్లోరిన్ పరమాణువు కలదు, ఐనను అది పీఫాస్ జాతికి చెందదు. రైతులు ఏండ్లతరబడి అచ్చటి నక్కవాగు నీటిరంగును చూపుచునే యుండిరి, వైద్యులు చెప్పుచునే యుండిరి, న్యాయస్థానములలో వ్యాజ్యములు నడచుచునే యుండెను. ఐనను ఒక అంకె వెలువడినపిమ్మటనే ప్రపంచమంతయు చెవి యొగ్గినది. అంకెకు లోకమున అంత బలము కలదు.

ఇక వంటయిల్లు. నాన్‌స్టిక్ పెనపు పూత గట్టిపడిన పదార్థము. దాని పెచ్చు ఊడి కడుపులో పడినను చాలవఱకు జీర్ణముకాక బయటికి పోవును. అసలు కీడు రెండుచోట్ల నున్నది: ఆ పూత తయారగు కర్మాగారమునందును, అతిగా కాలిన పెనమునందును. సుమారు 260 డిగ్రీలు దాటినపుడు ఆ పూత చెడనారంభించును, మఱింత కాలినపుడు వెలువడు ఆవిరి పంజరములోని చిలుకను చంపగలదు. మన అట్లు పోయు పద్ధతియేమి? ఖాళీపెనమును పెద్దమంటపై నుంచి, నీళ్లు చిలుకరించి, చుఱుక్కుమనువఱకు కాల్చుట. ఈ పద్ధతికి నాన్‌స్టిక్ పెనము పుట్టుకతోనే తగనిది. బామ్మగారి ఇనుపపెనమును అటకమీదినుండి దింపి, నూనె రాచి, రెండుమూడు అట్లు చెడిపోనిచ్చి అలవాటు చేసికొన్నచో అది మనుమల కాలమువఱకు నిలుచును. పులుసులకు రాచ్చిప్పయు, తాలింపులకు స్టీలు మూకుడును ఉండనే ఉన్నవి. ఉన్న నాన్‌స్టిక్ పెనమును నేడే పారవేయనక్కఱలేదు. మంట తగ్గించి, ఖాళీగా కాల్చక వాడుకొని, గీతలు పడినపుడు సెలవిచ్చుడు.

బేగంపేటలో బిర్యానీ పార్సిలు తినవలదని చెప్పువాని మాట ఎవడును వినడు, నేనును వినను. కాని వేడియు నూనెయు కలిసిన ఆహారము, నూనె పీల్చని కాగితములోనో డబ్బాలోనో గంటలకొలది యుండుటయే రసాయనము ఆహారములోనికి దిగుటకు అనువైన స్థితి కనుక, ఇంటికి రాగానే స్టీలుగిన్నెలోనికి మార్చుట, వీలైనచోట ఇంటి క్యారియరును తీసికొనిపోవుట మంచిది. చెఱకుపిప్పితో చేసిన తెల్లని పళ్లెములు ప్లాస్టికు కానందున నిర్దోషములని మన సంఘములు వేడుకలలో గర్వముగా వాడుచున్నవి. నూనె ఊరకుండుటకై వానిలో కొన్నిటియందు పీఫాస్ కలిపినట్లు అమెరికాలో తేలినది. మోదుగాకు విస్తరియు, అరటియాకును ఏ పరీక్షకును వెఱవవలసిన పనిలేదు. మఱకలంటని సోఫా స్ప్రేలును, వానకు తడవని బట్టలపై మరల వేయు పూతలును కొనకుండుట సులభము. చంటిబిడ్డ ప్రాకులాడు ఇంట ధూళిలోనికి ఇవి చేరును గనుక, చీపురుకంటె తడిగుడ్డ మేలు.

నీటిని కాచుటవలన సూక్ష్మజీవులు చచ్చును. పీఫాస్ చావదు, నీరు ఇగిరిన కొలదిని చిక్కబడును. కుండలో పోసినను, రాగిచెంబులో నుంచినను పోదు. దానిని పట్టగలవి ముఖ్యముగా సక్రియకర్బనము, అయాన్ మార్పిడి రెజిను, ఆర్.ఓ. పొర అను మూడు. ఆర్.ఓ. యంత్రము మన నగరమున ఇంటింట నున్నది. కాని దాని కాండిలును పొరయు గడువుదాటి నల్లబడియున్నచో అది గోడకు తగిలించిన అలంకారమే. మార్చిన తేదీని పెన్నుతో దానిమీదనే వ్రాయుడు. యంత్రము వెలికినెట్టు నీటిలో అది పట్టినదంతయు చిక్కబడి యుండును గనుక, ఆ నీటిని కూరమొక్కలకు పోయక నేల కడుగుటకు వాడుట వివేకము.

దేహమును గూర్చి ముఖ్యముగా తల్లులకొక మాట. ఈ రసాయనములు చనుబాలలోనికి దిగుట నిజమే. ఐనను బిడ్డకు పాలుమాన్పింపుమని ఏ బాధ్యతగల వైద్యసంస్థయు చెప్పలేదు, తల్లిపాలవలని రక్షణ అంత గొప్పది. రక్తములోని పీఫాసును కొలిపించుకొని కంగారుపడుటకంటె, నిమ్స్ వంటి ఆసుపత్రిలోనో వీధిలోని ప్రయోగశాలలోనో కొలెస్టరాలు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకొనుట ఉపయోగకరము; వానికి మందులున్నవి. విషమును కడిగివేయుదుమని డిటాక్స్ చూర్ణములమ్మువారికి సొమ్మీయకుడు. ఆస్ట్రేలియాలో అగ్నిమాపకసిబ్బందిపై జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనయందు రక్తమును, ప్లాస్మాను దానము చేసినవారిలో పీఫాస్ తగ్గినది. అది వారివలె అధికమోతాదుకు గుఱియైనవారికి చెందిన విషయము. రక్తదానము చేయువారు పరోపకారబుద్ధితోనే చేయుట మంచిది.

ఇంతవఱకు చెప్పినదంతయు చేసినను ఇంటివాకిలి వఱకే. 2022లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు మారుమూలలలో కురియు వాననీటియందును ఈ పదార్థములు అమెరికా సూచించిన మోతాదును మించియున్నవని ప్రకటించిరి. ఏ గృహిణియు వానకు మూత పెట్టజాలదు. వ్యక్తిత్వవికాసమనగా తన యింటిని తాను బాగుచేసికొనుట యని మాత్రమే బోధించు పుస్తకములపై నాకు గౌరవము లేదు. స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందము 2009లో పీఎఫ్‌ఓఎస్‌ను, 2019లో పీఎఫ్‌ఓఏను, 2022లో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్‌ను తన పట్టికలలో చేర్చినది. ఆ ఒప్పందమున 2006నుండి సభ్యత్వమున్న మన దేశము 2020లో ఆమోదించిన 7 రసాయనములలో ఇవి లేవు. 2012నాటి మన త్రాగునీటి ప్రమాణమున వీనికి హద్దును లేదు. ఇటలీలో విచెన్జా ప్రాంతపు నీటిని చెఱచి దివాలాతీసిన మితెని కర్మాగారపు యంత్రములను మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాకు తెచ్చి నిలిపిరి. ఆ సంస్థ పూర్వాధికారులకు 2025 జూనులో ఇటలీ న్యాయస్థానము కారాగారశిక్ష విధించినది. ఒకచోట నేరమైనది మఱొకచోట పరిశ్రమయగుట, అడుగువారు లేకపోవుటవలననే. ఆహారమును తాకు వస్తువులయందు పీఫాసును నిషేధింపవలెనని 2025లో మన ఆహారభద్రతా ప్రాధికారసంస్థ ముసాయిదా వెలువరించుట శుభారంభము.

కావున పాఠకా, ఈ వారమే ఒక గంట కేటాయించి, అపార్టుమెంటు సంఘము తరఫున ఖైరతాబాదులోని జలమండలికిని, సనత్‌నగరులోని కాలుష్యనియంత్రణ మండలికిని సమాచారహక్కు చట్టము క్రింద చెఱియొక దరఖాస్తు వ్రాయుము. “మీ అభిప్రాయమేమి” యని అడిగినచో సమాధానము రాదు; ఆ చట్టము కాగితములను ఇప్పించునే గాని అభిప్రాయములను ఇప్పింపదు. మా కాలనీకి వచ్చు నీరు ఏ జలాశయమునుండి వచ్చుచున్నది, ఆ నీటిలోను ఈ ప్రాంతపు భూగర్భజలములోను పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ లకై పరీక్ష జరిగినదా, జరిగినచో ఏ తేదీన, ఏ ప్రయోగశాలలో, ఫలితమెంత, ఆ నివేదిక ప్రతిని ఇప్పింపుడు అని మాత్రము వ్రాయుము. తెలుగులో వ్రాసినను చెల్లును. రుసుము 10 రూపాయలు. సమాధానమునకు గడువు 30 దినములు.